‘మందు అక్కర్లేదు’ అన్నారు సరే, ఆ డాక్టరుకు నాన్నగారి సంగతి చెప్పారా?

ఒక అక్కగారు రాసి అడిగిన విషయం క్లుప్తంగా ఇది. నాన్నగారు రెండేళ్ల క్రితం 57వ ఏట కాలేయ క్యాన్సర్‌తో పోయారు. ఆయన మద్యం ముట్టని మనిషి. ఇప్పుడు 34 ఏళ్ల తమ్ముడు గల్ఫ్ ఉద్యోగం కోసం వైద్య పరీక్షకు వెళితే హెపటైటిస్ బి పాజిటివ్ అని తిప్పి పంపారు. ఊళ్లో ఒక డాక్టరు ఆ కాగితం చూసి, ‘క్యారియర్ మాత్రమే, మందు అక్కర్లేదు’ అన్నారు. అమ్మ రోజూ పరగడుపున నేల ఉసిరి పసరు తాగిస్తున్నారు. తమ్ముడికి భార్య, అయిదేళ్ల పాప ఉన్నారు. నాన్నకు వచ్చిందే వాడికీ వస్తుందా అన్నది అక్కగారి భయం.

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తమ్ముడిని చూసిన డాక్టరు గురించి రాశారు, నాన్నగారి జబ్బు గురించీ రాశారు. కానీ నాన్నగారి సంగతి ఆ డాక్టరుకు చెప్పామని మాత్రం ఎక్కడా లేదు. చెప్పి ఉండరనే నా అనుమానం. ఇరవై రెండేళ్లుగా కాలేయ రోగులను చూస్తున్నాను. ‘ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉందా’ అని మేం అడగకపోతే ఎవరూ తమంతట తాము చెప్పరు. అడిగినా సగం మంది ‘నాన్నకు కామెర్లు ముదిరాయండీ’ అని ఊరుకుంటారు. మీ తమ్ముడి విషయంలో ఆ ఒక్క మాటతో వైద్యమే మారిపోవచ్చు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

‘తాగకుండా లివర్ క్యాన్సర్ ఎలా వస్తుంది’ అని మీ నాన్నగారి కర్మకాండల రోజే నలుగురూ గుసగుసలాడి ఉంటారు. ఆయన చాటుగా తాగేవారేమోనన్న అనుమానం మీకే ఒక క్షణం కలిగి ఉండవచ్చు. ఆ మచ్చను ముందు కడిగేద్దాం. ప్రపంచంలో కాలేయ క్యాన్సర్‌కు అతి పెద్ద కారణాల్లో హెపటైటిస్ బి, సి వైరస్‌లు ముందు వరుసలో ఉంటాయి. 1981లో తైవాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఈ సంగతిని తిరుగులేకుండా తేల్చింది. బీస్లీ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 22,707 మంది మగ ప్రభుత్వోద్యోగుల రక్తం పరీక్షించి, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. వాళ్లలో 3,454 మందికి రక్తంలో హెపటైటిస్ బి ఉంది. ఆ కాలంలో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయినవారు 41 మంది. అందులో 40 మంది వైరస్ ఉన్న గుంపులోని వారే. వైరస్ ఉన్నవారికి ముప్పు లేనివారి కంటే 223 రెట్లు అని లెక్క తేలింది. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ మధ్య ఉన్న ముడి గురించి అందరికీ తెలుసు. అది కూడా ఈ లెక్క ముందు చిన్నదే.

మీ నాన్నగారికి హెపటైటిస్ బి ఉందో లేదో మీరు రాయలేదు. పాత ఆసుపత్రి ఫైలు బయటకు తీసి ‘హెచ్‌బీఎస్‌ఏజీ’ అనే మాట కోసం వెతకండి. ‘రియాక్టివ్’, అంటే పాజిటివ్, అని ఉంటే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరికినట్టే. ఈ హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ పైతొడుగులోని ప్రోటీన్. 1960లలో బరూక్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దీన్ని మొదట గుర్తించాడు. అందుకే చాలా ఏళ్లు దీన్ని ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అన్నారు. మా పాత ప్రొఫెసర్లు అదే పేరు వాడేవారు. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తున్నారు. ఈ బ్లంబర్గ్ పేరు గుర్తుంచుకోండి, మీ అమ్మగారి పసరు దగ్గర మళ్లీ వస్తుంది.

వైరస్ ఏం చేస్తుందంటే, రెండు దారుల్లో పని చేస్తుంది. మొదటిది నెమ్మదైన దారి. మన రోగనిరోధక శక్తి వైరస్ ఉన్న కాలేయ కణాలను చంపుతుంది, కాలేయం కొత్త కణాలను పుట్టిస్తుంది, మళ్లీ చావడం, మళ్లీ పుట్టడం. ఏళ్లు గడిచేకొద్దీ మానిన గాయాల చోట నార పేరుకుని కాలేయం గట్టిపడుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటాం. కణం విభజన చెందిన ప్రతిసారీ డీఎన్‌ఏలో ఏదో ఒక అచ్చుతప్పు పడే అవకాశం ఉంటుంది. ముప్పై నలభై ఏళ్లు ఇలా సాగితే ఆ తప్పుల్లో ఒకటి క్యాన్సర్ అవుతుంది. రెండో దారి హెపటైటిస్ బికి ప్రత్యేకం. ఆ వైరస్ తన డీఎన్‌ఏ తునకలను మన కాలేయ కణం డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. ఇంటి దస్తావేజుల కట్టలో ఎవరో రాత్రికి రాత్రి ఒక దొంగ కాగితం కలిపి కుట్టేసినట్టు. ఆ అతుకు కొన్నిసార్లు ‘టెర్ట్’ అనే జన్యువు పక్కన పడుతుంది. కణం ఎన్నిసార్లు విభజన చెందవచ్చో దానికి ఉండే హద్దును చెరిపేయగల జన్యువు అది. అందుకే హెపటైటిస్ బి ఉన్నవారిలో కొందరికి సిర్రోసిస్ లేకుండానే, కాలేయం పైకి మెత్తగా బాగానే ఉండగానే కణితి పుడుతుంది. ‘లివర్ బాగానే ఉంది’ అన్న మాట దగ్గర హెపటైటిస్ బి రోగి ఆగిపోకూడదు అనేది ఇందుకే.

హెపటైటిస్ సి అలా అతుక్కోదు. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్. దాని వల్ల వచ్చే క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ సిర్రోసిస్ మీదుగానే వస్తుంది. ఇక నీళ్లు, తిండి ద్వారా వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు క్యాన్సర్‌కు దారితీయవు. వర్షాకాలంలో ఊరంతటికీ కళ్లు పచ్చబడేది వాటితోనే. జనం భయపడేది ఈ కామెర్లకు. బి మాత్రం కళ్లు పచ్చబడకుండా, ఒంట్లో నలత కూడా లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీ తమ్ముడు గల్ఫ్ పరీక్షకు వెళ్లకపోయి ఉంటే ఈ రోజుకీ తెలిసేది కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన హెపటైటిస్ బి కుర్రవాళ్లలో చాలామంది ఇలా బయటపడ్డవారే. వీసా పోయిందన్న దుఃఖంలో ఉన్నవాడికి ఇది చెప్పడం కష్టమే గానీ, ఆ కాగితం వాడికి మేలే చేసింది.

ఎలా వచ్చిందన్నది అందరూ అడుగుతారు, కొందరు పైకి, కొందరు లోపల. భార్య తరఫువాళ్లు అయితే మరీ. ‘ఎక్కడ తిరిగి తెచ్చుకున్నాడో’ అనే మాట పుట్టకముందే ఈ లెక్క వాళ్ల చెవిన వేయండి. పుట్టినప్పుడు తల్లి నుంచి ఈ వైరస్ సోకిన పిల్లల్లో సుమారు 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే వందలో అయిదుగురికి కూడా ఉండిపోదు. ఒంట్లోంచి దానంతటదే పోతుంది. అంటే, 34 ఏళ్ల వయసులో దీర్ఘకాలిక హెపటైటిస్ బి కనిపించిందంటే, అది పసితనంలోనే వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. పుట్టినప్పుడు కావచ్చు, ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ మధ్య పుండ్లు, గాట్లు, బ్లేడ్ల ద్వారా కావచ్చు. వైరస్ ఒంటి బయట ఎండిన రక్తపు చారలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. నా చిన్నతనంలో మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర స్టీలు డబ్బాలో రెండే గాజు సిరంజిలు ఉండేవి. సోమవారం సంతరోజు ముప్పై మందికి ఆ రెండే. పంపు స్టవ్ మీద నీళ్లు మరిగేదాకా ఆయనా ఆగేవాడు కాదు, జనమూ ఆగేవారు కాదు. సూది పొడిస్తేనే వైద్యం అన్న నమ్మకం ఆ రోజుల్లో ఎంతమందికి ఏం ఎక్కించిందో లెక్క తీసినవారు లేరు.

ఇక్కడ మీ అమ్మగారి విషయం ఒకటి చెప్పాలి, జాగ్రత్తగా వినండి. ఆవిడకూ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించండి. ఆవిడ నుంచి తమ్ముడికి వచ్చి ఉండవచ్చు, నాన్నగారి నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. ఒకవేళ ఆవిడకు పాజిటివ్ వస్తే, ‘నా కడుపున పుట్టడం వల్లే వాడికీ గతి’ అని ఆవిడ కుమిలిపోకుండా చూసుకునే బాధ్యత మీది. ఆవిడ కాన్పుల నాటికి మన పల్లెల్లో ఈ పరీక్షా లేదు, టీకా కూడా లేదు. తెలిసి చేసింది కాదు. పరీక్ష ఆవిడ తప్పు పట్టడానికి కాదు, ఆవిడ కాలేయాన్ని కూడా చూసుకోవడానికి.

ఇప్పుడు ‘క్యారియర్ మాత్రమే’ దగ్గరకు వద్దాం. ఆ మాట నాకు నచ్చదు. క్యారియర్ అంటే ఏదో మోసుకెళ్లేవాడు, వాడికేం కాదు, అవతలివాళ్లకే ప్రమాదం అన్న అర్థం వస్తుంది. నిజానికి ప్రమాదం ముందు వాడికే. హెచ్‌బీఎస్‌ఏజీ అనే ఒక్క కాగితంతో ‘మందు కావాలి’ అని గానీ ‘అక్కర్లేదు’ అని గానీ ఎవరూ చెప్పలేరు. కనీసం ఇవి ఉండాలి: వైరస్ ఎంత చురుగ్గా పెరుగుతోందో చెప్పే హెచ్‌బీఈ యాంటిజెన్, రక్తంలో వైరస్ డీఎన్‌ఏ ఎంత ఉందన్న లెక్క, కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, కడుపు అల్ట్రాసౌండ్, వీలైతే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. వీటిలో వైరస్ లెక్కకు క్యాన్సర్‌తో నేరుగా సంబంధం ఉంది. 2006లో మళ్లీ తైవాన్ నుంచే వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 3,653 మంది హెపటైటిస్ బి ఉన్నవారిని పదేళ్లకు పైగా చూశారు. రక్తంలో వైరస్ దాదాపు కనిపించనివారిలో 1.3 శాతం మందికి క్యాన్సర్ వస్తే, మిల్లీలీటరుకు పది లక్షల కాపీలు దాటినవారిలో దాదాపు 15 శాతం మందికి వచ్చింది. వైరస్ ఎంత ఎక్కువైతే ముప్పు అంత ఎక్కువ, అదీ మెట్టు మెట్టుగా. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నవారిలో కూడా ఈ మెట్లు కనిపించాయి.

ఇక నేను మొదట ఆగిన చోటు. హెపటైటిస్ బి ఉన్న మనిషికి తండ్రో, తల్లో, తోబుట్టువో కాలేయ క్యాన్సర్‌తో పోయి ఉంటే, అలాంటి చరిత్ర లేని హెపటైటిస్ బి రోగితో పోలిస్తే ముప్పు సుమారు రెట్టింపు. అందుకే 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కుటుంబంలో కాలేయ క్యాన్సర్ గానీ సిర్రోసిస్ గానీ ఉన్నవారిని, వైరస్ లెక్క, ఎస్‌జీపీటీ ఎలా ఉన్నా సరే, మందు ఇవ్వదగినవారి జాబితాలో చేర్చాయి. అంతకుముందు యూరప్ వైద్యులు కూడా ఇలాంటివారికి మందు మొదలుపెట్టవచ్చనే అన్నారు. కాబట్టి మీ తమ్ముడిని చూసిన డాక్టరు తప్పు చేశారని నేను అనను. ఆయన ముందు ఉన్న కాగితం ప్రకారం ఆయన చెప్పి ఉంటారు. అసలు కాగితం మీ ఇంట్లో, నాన్నగారి ఫైల్లో ఉంది. ఆ ఫైలు పట్టుకుని జీర్ణకోశ వైద్యుడి దగ్గరకో, కాలేయ వైద్యుడి దగ్గరకో వెళ్లండి. కూర్చోగానే నాన్నగారి విషయంతో మొదలుపెట్టండి.

మందు అంటే టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ, రోజుకు ఒక మాత్ర. ఇది వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తీసేయదు. కాలేయ కణాల కేంద్రకంలో దాని మూలప్రతి దాక్కునే ఉంటుంది. కానీ కొత్త ప్రతులు అచ్చు కాకుండా ఆపుతుంది, క్యాన్సర్ ముప్పును గణనీయంగా తగ్గిస్తుంది. సున్నా చేయదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. అడిగితేనే చెబుతారు, కాబట్టి అడగండి. మొదలుపెట్టాక మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ‘రిపోర్టు నార్మల్ వచ్చింది కదా’ అని నాలుగు నెలలు మాత్రలు మానేసి, కళ్లు పసుపుముద్దలై, కడుపు ఉబ్బి వచ్చినవాళ్లను చూశాను. ఆపగానే వైరస్ ఒక్కసారిగా లేస్తుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

మందు వాడినా, వాడకపోయినా తప్పనిది ఆరు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్. దానితో పాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేయించడం మంచిది, కానీ ఏఎఫ్‌పీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చిన్న కణితులు ఉన్నవారిలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. ఆసియా దేశాల మగవారికి మామూలుగా నలభై దాటాక, ఆడవారికి యాభై దాటాక ఈ స్కానింగ్ మొదలుపెట్టమంటాం. సిర్రోసిస్ ఉంటే, ఇంట్లో ఇలా క్యాన్సర్ ఉంటే వయసు చూడం. మీ తమ్ముడికి ఇప్పటి నుంచే. ఏడాదికోసారి ఎందుకు కాదంటే, ఈ కణితులు రెట్టింపు కావడానికి ఎక్కువమందిలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఏడాది ఆగితే, రెండు సెంటీమీటర్లప్పుడు చేతిలో ఉన్న కణితి చేయి దాటిపోతుంది. చైనాలో షాంఘైలో 18,816 మందితో చేసిన పరీక్షలో, ఆరు నెలలకోసారి స్కానింగ్, ఏఎఫ్‌పీ చేయించినవారి గుంపులో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. అదీ పిలిచినవాళ్లలో చాలామంది అన్ని పరీక్షలకూ రాకపోయినా.

ఆ స్కానింగ్ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక బట్టల కొట్టు యజమాని వచ్చేవాడు, నలభై ఏడేళ్లు, పదకొండోసారో పన్నెండోసారో స్కానింగ్. ప్రతిసారీ ‘ఏం లేదంటారుగా’ అని నవ్వుతూ పడుకునేవాడు. ఆ రోజు రేడియాలజిస్టు చేయి కుడి పక్కటెముకల కింద ఒకచోట ఆగింది. ‘గాలి పీల్చి పట్టుకోండి’ అంది. వదలమంది. మళ్లీ పీల్చమంది. తెర మీద బూడిదరంగు కాలేయం మధ్య కొంచెం నల్లటి గుండ్రం, కందిగింజ కంటే పెద్దది, 1.4 సెంటీమీటర్లు. మూడు దశల సీటీ తీస్తే ధమని రక్తం చేరగానే ఆ చుక్క వెలిగింది, తర్వాతి దశలో చుట్టూ ఉన్న కాలేయం కంటే మసకబారింది. కాలేయ క్యాన్సర్ ముద్ర అదే. సిర్రోసిస్, హెపటైటిస్ బి ఉన్నవారిలో ఈ ముద్ర స్పష్టంగా కనిపిస్తే చాలాసార్లు ముక్క తీసి పరీక్షించే పని కూడా ఉండదు. సూది లాంటి ప్రోబ్ లోపలికి పంపి వేడితో కాల్చేశారు. రెండు రోజుల్లో ఇంటికి వెళ్లాడు. ఇప్పటికీ వస్తున్నాడు, ఇప్పుడు మాత్రం నవ్వకుండా పడుకుంటాడు.

అతనితో పాటే స్కానింగ్ మొదలుపెట్టిన ఇంకొకాయన రెండుసార్లు నార్మల్ రాగానే మానేశాడు. నాలుగేళ్ల తర్వాత కుడివైపు బరువుగా ఉందని వచ్చేసరికి కణితి పదకొండు సెంటీమీటర్లు, కాలేయంలోకి రక్తం తెచ్చే పెద్ద సిర మూసుకుపోయి ఉంది. కాలేయ మార్పిడికి సాధారణంగా మేం చూసే కొలత ఒకే కణితి అయితే 5 సెంటీమీటర్ల లోపు, మూడు దాకా ఉంటే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్ల లోపు. ఆయన ఆ గీత ఎప్పుడో దాటాడు. ఇప్పుడు మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే, సూది ద్వారా ఎక్కించే ఇమ్యునోథెరపీ మందులు వచ్చాయి, కొందరికి కాలాన్ని పొడిగిస్తాయి. అప్పట్లో ఆయనకు ఇవ్వగలిగింది సొరాఫెనిబ్ మాత్రలే. నొప్పి లేకుండా చూడటమే మిగిలింది. మీ నాన్నగారి కథ కూడా ఇంచుమించు ఇదే అయి ఉంటుంది. కాలేయానికి లోపల నొప్పి తెలియదు. పై పొర సాగినప్పుడే తెలుస్తుంది.

పసరు సంగతి. మీ అమ్మగారిని కసురుకోకండి, ఎందుకంటే నేల ఉసిరి మీద ఆవిడకున్న నమ్మకం ఒకప్పుడు నోబెల్ గ్రహీతకూ ఉంది. 1988లో మద్రాసు శాస్త్రవేత్తలు, వాళ్లతో పాటు పైన చెప్పిన బ్లంబర్గ్, కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ మాయమైందని రాశారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత వేరే దేశాల్లో, వేరే చేతుల్లో అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం రాలేదు. అన్నిటినీ కలిపి చూసినవారు నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. కామెర్లకు పసరు పనిచేసినట్టు ఎందుకు అనిపిస్తుందంటే, ఎ, ఇ కామెర్లు చాలావరకు వాటంతటవే నాలుగైదు వారాల్లో తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్ బి ఆ జాతిది కాదు. అయినా అమ్మ చేతి పసరు కంటే నాకు భయం, ఊరి చివర వైద్యుడు పొట్లం కట్టి ఇచ్చే పేరు తెలియని చూర్ణాలు. అందులో ఏ లోహం, ఏ ఆకు ఉందో తెలియదు. వాటితో కాలేయం దెబ్బతిన్నవాళ్లు మా వార్డులో తరచూ ఉంటారు. మణికట్టు మీద వాత పెట్టించడం సరేసరి.

తిండిలో ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: బూజు పట్టిన వేరుశనగ. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ కణంలో క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువునే దెబ్బతీస్తుంది. షాంఘైలో చేసిన అధ్యయనంలో అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నవారికి 7 రెట్లు, రెండూ కలిసినవారికి 59 రెట్లు. కూడిక కాదు, గుణకారం కంటే ఎక్కువ. వేరుశనగ పండించే ఇళ్లలో మంచి గింజ మార్కెట్ యార్డుకు పోతుంది, ముడతలు పడ్డది, తడిసి నల్లబడ్డది పచ్చడికి మిగులుతుంది. ఆ అలవాటు మానాలి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. మద్యం మీ తమ్ముడు ఎప్పుడైనా పండగకు పుచ్చుకునే రకమైతే, అదీ వద్దనండి. బరువు, షుగరు చూసుకోవాలి. కాఫీ తాగేవారిలో కాలేయ క్యాన్సర్ తక్కువ అని చాలా అధ్యయనాల్లో కనిపించింది. నేను రోజుకు మూడు తాగుతాను, అది వేరే సంగతి.

భార్యకు, పాపకు హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు, ఒంట్లో రక్షణ ఉందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష కూడా చేయించండి. రెండూ నెగెటివ్ అయితే టీకా: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. పాప అయిదేళ్లది కాబట్టి పుట్టినప్పుడు ఒక డోసు, ఆరు, పది, పద్నాలుగు వారాల్లో అయిదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో మిగతావి పడి ఉండాలి. టీకా కార్డు చూడండి. మన ప్రభుత్వ టీకాల్లో హెపటైటిస్ బి 2002 ప్రాంతంలో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలై, 2011కు దేశమంతటికీ చేరింది. దాని వెనక మన హైదరాబాద్ చేయి ఉంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి నాయకత్వంలో దేశంలోనే తొలి జన్యు పునస్సంయోజక (జన్యువులను అతికించే పద్ధతిలో చేసిన) హెపటైటిస్ బి టీకాను తెచ్చింది. అంతకుముందు దిగుమతి టీకా మధ్యతరగతి వాడికి కూడా అందని ధర. ఆ టీకా క్యాన్సర్‌ను ఆపుతుందా అని అనుమానం ఉంటే మళ్లీ తైవాన్ వైపే చూడాలి. అక్కడ 1984లో పసిపిల్లలకు టీకా మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకు 0.70 ఉన్నది, పదేళ్లు తిరిగేసరికి 0.36 అయింది. మీ తమ్ముడికి మాత్రం ఇప్పుడు టీకా పనికిరాదు, డబ్బు దండగ.

ఇంట్లో తమ్ముడికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టారేమో, తీసేయండి. కలిసి తినడం, పాపను ఎత్తుకుని ముద్దాడటం, ఒకే మంచం మీద పడుకోవడం వీటితో ఇది అంటదు. రేజరు, గోళ్లు కత్తిరించేది, టూత్ బ్రష్ మాత్రం వేరుగా ఉండాలి. భార్యకు టీకా పూర్తయి, రక్షణ వచ్చిందని పరీక్షలో తేలేదాకా కండోమ్ వాడాలి. రెండో బిడ్డను అనుకుంటే, భార్యకు నెగెటివ్ అయినంత వరకు ఏ భయమూ లేదు. పాజిటివ్ అయితే కాన్పు చేసే డాక్టరుకు ముందే తెలియాలి. అప్పుడు వైరస్ ఎక్కువుంటే ఆఖరి నెలల్లో ఆవిడకు టెనోఫోవిర్, పుట్టిన బిడ్డకు 24 గంటల లోపు టీకా, 12 గంటల లోపు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన ప్రతిరక్షకాల సూది) ఇస్తే దాదాపు ఎప్పుడూ బిడ్డ బయటపడుతుంది. తల్లిపాలు ఇవ్వవచ్చు.

ఇంకొకటి, మీ తమ్ముడు ఎప్పుడైనా కీళ్లకో, చర్మానికో స్టెరాయిడ్లు, లేదా క్యాన్సర్ మందులు వాడాల్సి వస్తే ముందుగా హెపటైటిస్ బి ఉందని చెప్పాలి. నిద్రపోతున్న వైరస్ ఆ మందులతో లేస్తుంది. హెపటైటిస్ సి ఉందా అని కూడా ఒకసారి చూపించండి. అది ఉంటే దిగులు అక్కర్లేదు, దాదాపు అందరిలో పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. 2013లో అమెరికాలో సొఫోస్బువిర్ అనే ఆ మందు వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు; 2015కల్లా మన హైదరాబాద్ కంపెనీలు దాన్ని సామాన్యుడి ధరకు తెచ్చాయి. అయితే అప్పటికే సిర్రోసిస్ ఉన్నవారు సి పోయిన తర్వాత కూడా ఆరు నెలల స్కానింగ్ మానకూడదు.

గల్ఫ్ విషయంలో నేను చేయగలిగింది లేదు. మందు వాడి వైరస్ లెక్క కనిపించకుండా పోయినా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్‌గానే ఉంటుంది, వాళ్లు చూసేది దాన్నే. డబ్బిస్తే నెగెటివ్ కాగితం తెస్తానని ఏజెంట్ ఎవరైనా వస్తే మాత్రం తలుపు వేసేయండి. అక్కడ దిగాక మళ్లీ పరీక్ష చేస్తారు, అప్పు చేసిన డబ్బుతో పాటు మనిషి కూడా వెనక్కి వస్తాడు.

చివరిగా ఒక్క ప్రశ్న. తమ్ముడి గురించి అడిగారు, మరదలి గురించి, పాప గురించి రాశారు. అదే అమ్మకు, అదే ఇంట్లో, వాడికంటే ముందు పుట్టిన మీరు మాత్రం పరీక్ష చేయించుకున్నట్టు ఎక్కడా రాయలేదు. మీకు పిల్లలుంటే వాళ్ల టీకా కార్డులు కూడా తీసుకుని, తమ్ముడితో పాటు అదే రోజు మీరూ వెళ్లండి.